వంతెన గోడ మీద ఇల్లు

నేను ఒక గోడను. ఫ్లైఓవర్‌కి పక్కగోడను. సముద్రపు గాలి తగిలే ఒక పెద్ద నగరంలో, నాలుగు రోడ్లు కలిసే చోట, పైన పోయే బళ్ల బరువునూ వెనకున్న మట్టి ఒత్తిడినీ ఓర్చుకుంటూ నిలబడ్డాను. ప్రస్తుతం నా ముఖాన నీలం రంగు ఉంది. ఆ నీలంలో ఆరు డాల్ఫిన్లు ఎగురుతున్నాయి. వేసినవాళ్లు డాల్ఫిన్‌ను ఎన్నడూ చూసినట్టు లేదు, ఒకదానికి ఎర్రటి పెదవులు కూడా పెట్టారు. దారినపోయేవాళ్లు చూసి నవ్వుకుంటారు. నాకు మాత్రం నవ్వు రాదు. ఆ నీలం కింద ఎవరుండేవారో నాకు తెలుసు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఇసుక, కంకర, సిమెంటు, నీళ్లు. గుడి గోడలకు స్థలపురాణాలుంటాయి, నాకు టెండరు నంబరుంది. కోట గోడ కట్టించిన రాజు పేరు పిల్లలు బడిలో బట్టీ పడతారు. నన్ను కట్టించిన కాంట్రాక్టరు పేరు ఒకప్పుడు ఆయన ఆఫీసు ఉన్న వీధిలో కూడా ఎవరూ చెప్పలేరు, ఆ ఆఫీసే లేదు కాబట్టి. నన్ను నిజంగా మోసి, పోసి, తడిపి నిలబెట్టింది మాత్రం కొండల మీంచి కూలికి దిగివచ్చిన సవర ఆడవాళ్లు. అందుకే నేను పచ్చిగా ఉన్నప్పుడు మొదట విన్న భాష సవర భాష. తెలుగు ఆ తర్వాత వచ్చింది. నాయకుల ఉపన్యాసాల భాష ఇంతకాలం విన్నా ఇప్పటికీ పట్టుబడలేదు.

ఆ ఆడవాళ్లలో సుక్కురి అని ఒక పిల్ల ఉండేది. పందొమ్మిదేళ్లుంటాయేమో. గమేళా నిండా కాంక్రీటు నెత్తిన పెట్టుకుని, ఊగే చెక్క మెట్ల మీద చెయ్యి కూడా ఆనించకుండా ఎక్కేది. సాయంత్రం పూట నాకు చుట్టిన గోనె పట్టాల మీద నీళ్లు చల్లడం కూడా ఆమె పనే. చల్లుతూ, చంటిపిల్లకు నీళ్లు పోస్తున్నట్టు నాతో కబుర్లాడేది. ఇంట్లో తండ్రి బొమ్మలు వేస్తాడనీ, తల్లికి ఊరికూరికే కోపమొస్తుందనీ, కొత్త కందులు వండుకునే కందికొత్తల పండక్కి ఇంటికెళ్తే మళ్లీ రాననీ చెప్పేది. ఎండిపోయిన గోడకు ఆ మాటలు ఎక్కేవి కావేమో, నేనప్పుడు పచ్చిగా ఉన్నాను.

ఒక వానరోజున, నా పైభాగం పోస్తుండగా, సెంట్రింగ్ కర్రకు కట్టిన తాడు జారింది. సుక్కురి పడిపోయింది. నెత్తి మీద గమేళా ఆమెతోపాటే వచ్చింది. అందరూ అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చారు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే అయిపోయిందని తర్వాత అనుకున్నారు. ఆ పూట పని ఆపారు. ఆపేముందు మేస్త్రీ వచ్చి, కింద ఒలికి ఇంకా పచ్చిగానే ఉన్న కాంక్రీటు చూసి, వృథా ఎందుకని పారతో ఎత్తించి నాలోనే వేయించాడు. అది ఇప్పటికీ నాలోనే ఉంది. సిగ్గుపడే వీలు గోడలకు ఉండదంటారు. ఎవరన్నారో గానీ తప్పు.

వానలకు కొండదారి తెగిపోయిందని, ఆమె వాళ్లు వచ్చేదాకా ఆగకుండా కాంట్రాక్టరు మనుషులే ఈ ఊళ్లో దహనం చేయించారు. ఊరికి ఒక బట్టల సంచి పంపారు.

ఆ తర్వాత నా బతుకు మీరెరిగిందే, ఏ నగరపు గోడకైనా అదే బతుకు. మొలల వైద్యం, లేడీస్ హాస్టల్, పదో తరగతి తప్పినవారికి సదవకాశం. పుట్టినరోజు శుభాకాంక్షలతో ఒక నాయకుడు, ఆయన మీద మైదాపిండి జిగురుతో ఇంకొక నాయకుడు, ఆయన ముఖం సగం చింపి సినిమా హీరో. 'ఇక్కడ మూత్ర విసర్జన చేయరాదు' అని రాసిన చోటే అందరికీ ఆ పని గుర్తొచ్చేది. ఇద్దరు ప్రేమికులు మేకుతో తమ పేర్లు గీశారు. ఏడాది తిరక్కుండానే ఆ కుర్రాడు ఒక్కడే వచ్చి రెండో పేరు రాయితో చెరిపేశాడు. మనుషులు గోడలను మాటలు రానివి అంటారు గానీ, వాళ్లు చెప్పుకోలేనివన్నీ తెచ్చి రాసేది మా మీదే.

ఇలా ఉండగా ఊళ్లో ఏదో పెద్ద అంతర్జాతీయ సమావేశం వచ్చింది. విదేశాల వాళ్లు విమానాశ్రయం నుంచి ఈ దారినే వెళ్లాలి. నగరాన్ని అందంగా చెయ్యాలన్నారు. మన గిరిజన కళను గోడల మీదకు తెద్దామని ఎవరికో బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే, కాదనను. నా మీద పోస్టర్లన్నీ గీకి, కడిగి, ఎర్రమట్టి రంగు పూశారు. ఎన్నో ఏళ్ల తర్వాత ఒళ్లు తేలికపడింది.

బొమ్మలు వెయ్యడానికి కొండల నుంచి ఒక ముసలి జంటను జీపులో తెచ్చారు. ఆయన పేరు సవర బెన్నయ్య, ఆమె సొంబరి. పని చేయించే ఏజెన్సీ తరఫున శేషసాయి అనే సూపర్‌వైజర్ ఉండేవాడు. చెడ్డవాడు కాదు. చేతిలో ఎప్పుడూ ఫోను, నోట్లో ఎప్పుడూ 'టైమ్ లేదు'.

బెన్నయ్య పనితనం చెప్పి తీరాలి. వెదురుపుల్ల చివర నలగ్గొట్టి కుంచె చేసుకునేవాడు. కొలత బద్ద లేదు, ముందుగా గీసుకోవడం లేదు. పరంజా ఎక్కి, కాసేపు నన్ను చూసి, అంచు నుంచి మొదలుపెట్టేవాడు. తెల్లటి గీతల్లో మనుషులు, ఏనుగులు, నెమళ్లు, సూర్యుడు, చంద్రుడు, డప్పులు, గొడుగు పట్టినవాళ్లు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆడేవాళ్లు. వాళ్లంతా నడిమధ్యనున్న ఒక పెద్ద చతురస్రం వైపు నడుస్తున్నట్టు వేశాడు. ఆ చతురస్రం ఇల్లు. దాన్ని మాత్రం ఖాళీగా వదిలేశాడు.

శేషసాయికి ఆ ఖాళీ కంట్లో నలుసైంది.

"ఏంటి పెద్దాయనా, మధ్యలో ఇంత గ్యాప్ వదిలేశావ్? అసలు ఫోకస్ అంతా అక్కడే కదా. ఏదైనా వెయ్యి. ఒక అమ్మాయి, నెత్తిన కుండ పెట్టుకుని. చాలా బాగుంటుంది."

"అది ఒగ్గీయాల బాబూ," అన్నాడు బెన్నయ్య.

"ఎందుకు?"

"మా బొమ్మంటే ఇల్లు బాబూ. పోయినోళ్ల కోసం ఏస్తాం. ఇంట్లో మడిసిని ఏసి పిలిస్తే ఆళ్లొచ్చి అందులో ఉంటారు. మరి ఏటేటా ఆళ్లకి తిండెట్టాల. మా ఊళ్లో అయితే మేముంటాం. ఇక్కడ రోడ్డు మీద ఆళ్లకెవులు పెడతారు? అందుకే బయటోళ్ల గోడలకి ఏసినప్పుడు లోపల ఒగ్గీస్తాం. ఎవులూ రాకుండా."

శేషసాయి ఆ మాటలు ఫోనులో వీడియో తీసుకున్నాడు, ఎంతో మెచ్చుకున్నాడు, మెచ్చుకున్నాక "అయినా ఎల్లుండిలోగా ఆ గ్యాప్ ఫిల్ చెయ్యి" అని వెళ్లిపోయాడు.

నా పాదాల దగ్గర పైడమ్మ టీ బడ్డీ ఉంది. నన్ను కడుతున్నప్పటి నుంచీ అక్కడే ఉంది, ఆమె కళ్ల ముందే నేను ఇంత ఎత్తయ్యాను. సొంబరికీ ఆమెకూ రెండు రోజుల్లోనే మాటలు కలిశాయి. మూడో రోజు పొద్దున్న, పైన బెన్నయ్య ఏనుగు తొండం దిద్దుతుండగా, కింద సొంబరి తన కూతురి సంగతి చెప్పుకొచ్చింది. పట్నంలో వంతెన పనికి వచ్చిందనీ, పడిపోయి పోయిందనీ, ఏ వంతెనో ఎవరూ చెప్పలేదనీ చెప్పింది.

"ఇంటికాడ బొమ్మేసినాం. మా ఎజ్జోడు మూడుసార్లు కూకుని పిలిసినాడు. రాలేదు. పడ్డ సోటు నుంచి అది కదల్లేకపోతంది, అక్కడికెల్లి మీరే పిలవాల అన్నాడు. ఎక్కడని ఎల్తాం? ఈ పట్నంలో ఎన్ని వంతెనలో."

ఎజ్జోడంటే వాళ్ల ఊరి పూజారి, పోయినవాళ్లతో మాట్లాడి వాళ్లకేం కావాలో చెప్పేవాడు.

పైడమ్మ టీ వడగడుతున్న చెయ్యి ఆపేసింది. "ఒలమ్మా, మీ గుంట పేరేటి?"

"సుక్కురి."

పైడమ్మ గ్లాసు కింద పెట్టి, నా వైపు తిరిగి, సుక్కురి పడిన చోటు వేలితో చూపించింది. "నా కాడే టీ తాగీది. పంచదార ఎక్కువెయ్యమనీది," అంది, తర్వాత ఏడ్చేసింది.

సొంబరి ఏడవలేదు. లేచి నా దగ్గరికొచ్చి రెండు చేతులూ నాకు ఆనించి నిలబడింది. ఆ చేతుల వేడికి నేను పగిలిపోతే బాగుండుననుకున్నాను. ఇన్నేళ్లూ నాకు తెలిసిన సంగతే, ఎవరికీ చెప్పలేకపోయాను. తర్వాత ఆమె పరంజా మీదున్న మొగుణ్ణి పిలిచింది.

"దిగు. ఇదే ఆ వంతెన."

బెన్నయ్య దిగాడు. కుంచె చేతిలోనే ఉంది. అలాగే నేల మీద, నన్ను చూడకుండా రోడ్డును చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజంతా ఇద్దరూ వాదులాడుకున్నారు. అప్పటికప్పుడు పిల్లను తీసుకుపోదామంది సొంబరి. కుదరదన్నాడు బెన్నయ్య. ఇంట్లో పాత బొమ్మ మీద మళ్లీ అలికి కొత్తది వెయ్యాలి, కొత్త కందులు వండాలి, ఎజ్జోడు కూర్చోవాలి. అక్కడ ఇల్లు సిద్ధం కాకుండా పిల్లను దారి పట్టించకూడదు, మధ్యలో తప్పిపోతుంది. కందికొత్తలకు ఇంకా మూడు నెలలుంది. అందాకా ఇలాగే రోడ్డు మీద వదిలేస్తావా అని తల్లి అడిగింది. ఆయన చివరికి లేచి వెళ్లి, పైడమ్మను గుప్పెడు బియ్యం అడిగాడు.

మిగతా బొమ్మంతా శేషసాయి తెచ్చిన డబ్బా రంగు. వానకూ ఎండకూ చెక్కుచెదరదని డబ్బా మీద రాసి ఉంది. ఆ ఖాళీ ఇంట్లో పిల్లను మాత్రం బెన్నయ్య నానబెట్టి నూరిన బియ్యప్పిండితో వేశాడు. డబ్బా రంగు వాసనలో తన కూతురు ఉండలేదన్నాడు. సన్నటి పిల్ల, రెండు చేతులూ పైకెత్తి, నెత్తి మీద గమేళా పట్టుకుని ఉంది. ఇంటికి గుమ్మం పెట్టాడు. గుమ్మం దగ్గర ఒక టీ గ్లాసు వేశాడు.

సొంబరి విస్తరాకులో అన్నం పెట్టింది. పైడమ్మ పంచదార ఎక్కువేసి టీ తెచ్చింది. ఎజ్జోడు లేడు, తల్లే పిలిచింది.

"సుక్కురీ, నానే అమ్మీ. మీ అయ్య ఇల్లు కట్టినాడు, లోపలికి రా. కందికొత్తల దాకా ఇక్కడుండు. అప్పుడొచ్చి తీసుకుపోతాం. ఎటూ ఎల్లిపోకు."

నేను కాంక్రీటును. నాలో ఏముంటుందని మీరనవచ్చు. అయినా చెబుతున్నాను, ఆ పూట నాలోకి ఒకరు వచ్చారు. అంతవరకూ నేను బరువు మోసేదాన్ని. ఆ రోజు నుంచి ఒకరికి ఇల్లునయ్యాను.

మర్నాడు శేషసాయి వచ్చి చూసి ఎగిరి గంతేశాడు. "చూశావా, చెప్పానా! కుండ పెట్టుకున్న పిల్ల పడగానే మొత్తం బొమ్మకే ప్రాణం వచ్చింది." బెన్నయ్య తలూపాడు. తన మాట విని వేశాడనే అతను అనుకున్నాడు. వాళ్లిద్దర్నీ జీపెక్కించి పంపేశారు.

సమావేశం జరిగిన వారమూ నాకు నిద్ర లేదు. విదేశీయులు కారాపి ఫొటోలు దిగారు. పేపర్లో 'కడవతో కొండపిల్ల' అని పడింది. ఆ బొమ్మ చేతిసంచుల మీదా కాఫీ కప్పుల మీదా అచ్చయిందని పైడమ్మ దగ్గర ఎవరో చెప్పుకున్నారు. నా పక్కన నల్లరాతి పలక పాతారు. అందులో ఆవిష్కరించిన పెద్దమనిషి పేరు, పక్కన నిలబడ్డ వారి పేర్లు, ఏజెన్సీ పేరు, చివర చిన్న అక్షరాల్లో 'చిత్రాలు: గిరిజన కళాకారులు'. నాకు ఒళ్లు మండింది. బెన్నయ్య చూసి ఉంటే పట్టించుకునేవాడు కాదు, వాళ్ల బొమ్మల మీద వేసినవాడి పేరు రాసుకునే అలవాటే లేదు. అయినా నాకు మండింది. పైడమ్మ మాత్రం రోజూ మొదటి టీ గ్లాసు నా దగ్గర పెట్టేది. చల్లారాక తీసి, గ్లాసు కడుక్కునేది.

రెండు నెలలు అలా గడిచాయి. మూడో నెలలో సముద్రతీర ఉత్సవాలు వచ్చాయి. ఒక ఉదయం నీళ్ల ట్యాంకరు వచ్చింది, వెనకే శేషసాయి దిగాడు. పైడమ్మకు అర్థమైంది. బడ్డీ వదిలేసి పరుగెత్తింది.

"బాబూ, ఆ నడుమ గుంట బొమ్మ ఒక్కటీ ఉంచీండి. ఆ గుంట అమ్మా అయ్యా వస్తారు. కందికొత్తలకి తీసుకెళ్లిపోతారు. ఇంకెన్నో రోజులు నేదు."

"థీమ్ మారిందమ్మా, సముద్రం థీమ్. మధ్యలో ఒక్క బొమ్మ ఉంచితే డిజైన్ పాడైపోదూ? అయినా అన్నీ ఫొటోలు తీసి పెట్టాం. ఎక్కడికీ పోదులే."

నిజంగానే ధైర్యం చెబుతున్నాననుకున్నాడు. పైపు విప్పారు. ఏనుగులు కదల్లేదు, నెమళ్లు కదల్లేదు. డబ్బా రంగు డబ్బా మీద రాసినట్టే గట్టిది, మీద వేరే రంగు కొడితే తప్ప పోదు. బియ్యప్పిండి పిల్ల ఒక్కతే మొదటి ధారకే కారిపోయింది. గమేళా కరిగింది, చేతులు కరిగాయి, తెల్లటి నీళ్లు నా మీంచి జారి కాలువలో కలిశాయి. ప్రేమ కొద్దీ తండ్రి వేరుగా వేసిందే ముందు పోయింది. ఆ తర్వాత తెల్లరంగు ఒక పూత, నీలం రెండు పూతలు. ఆ నీలం ఆరేసరికి నాలో ఎవరి అలికిడీ లేదు.

కబురు పంపడానికి పైడమ్మ దగ్గర వాళ్ల ఫోను నంబరు లేదు. వాళ్లకు అసలు ఫోనే లేదు.

కందికొత్తల ముందు వాళ్లు వచ్చారు. ఈసారి జీపు లేదు, బస్సులు మారి, చివర షేర్ ఆటోలో దిగారు. సొంబరి చేతిలో కొత్త చీర ఉంది. రోడ్డు దాటుతూనే బెన్నయ్య నన్ను చూసి ఆగిపోయాడు. ఈ వంతెన కాదేమో, పొరపాటున వేరే చోట దిగామేమో అన్నట్టు అటూ ఇటూ చూశాడు. అంతలో పైడమ్మ ఎదురొచ్చి, సొంబరి రెండు చేతులూ పట్టుకుంది. "ఆపలేకపోనాను వదినా," అంది.

బెన్నయ్య వచ్చి నన్ను గోటితో గీకాడు. నీలం వచ్చింది. ఇంకా గీకితే తెలుపు వచ్చింది. "తప్పు నాదే," అన్నాడు సవర భాషలో. "డబ్బా రంగుతో ఏసుంటే అడుగునైనా ఉండీది. ఇల్లు పోయాక పిల్లెక్కడుంటాది? పద, ఎల్లిపోదాం."

"నన్నడగనియ్యి," అంది సొంబరి.

నా ఒక చివర నుంచి మొదలుపెట్టింది. నాలుగు అడుగులకొకసారి ఆగి, నాకు చెయ్యి ఆనించి, పేరు పెట్టి పిలిచి, చెవి పెట్టి వినేది. మళ్లీ నడిచేది. సిగ్నల్ దగ్గర ఆగిన బళ్లవాళ్లు అటే చూస్తున్నారు. ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చాడు.

"ఏం పోయింది మామ్మా?"

"మా పిల్ల బాబూ."

ఆయన వెంటనే జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "ఎంత వయసు? ఏం బట్టలేసుకుంది? ఫొటో ఉందా?"

"ఫొటో నేదు బాబూ. ఈ గోడ మీదుండీది."

కానిస్టేబులు నా వైపు చూశాడు. డాల్ఫిన్లను చూశాడు. పుస్తకం మూసి, ఎండలో నిలబడొద్దని చెప్పి వెళ్లిపోయాడు.

చివరికి ఒక చోట సొంబరి ఆగింది. అది సుక్కురి పడిన చోటు కాదు, బొమ్మ వేసిన చోటూ కాదు, దానికి చాలా దూరం. అక్కడ చెవి ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు ఉండిపోయింది. తర్వాత ముఖం వెలిగింది. కొత్త చీర మడత విప్పి, ఎవరికో భుజం మీద కప్పుతున్నట్టు గాలిలో పట్టుకుని, మళ్లీ మెల్లగా దగ్గరికి తీసుకుంది.

"పద అమ్మీ. ఇంటికాడ కొత్త కందులు నానబెట్టి ఉన్నాయి. ఇల్లు అలికినాను. పద."

సుక్కురి అక్కడ లేదు. నాలో ఎక్కడా లేదు. ట్యాంకరు నీళ్లు పోసిన రోజే వెళ్లిపోయింది, ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. ఈ మాట చెప్పే నోరు నాకు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.

బెన్నయ్య భార్య ముఖంలోకి చూశాడు. నమ్మాడో లేదో తెలియలేదు. సంచి భుజాన వేసుకుని ముందు నడిచాడు.

షేర్ ఆటో ఆగింది. వెనక సీట్లో ముగ్గురికి చోటుంది. బెన్నయ్య ఒక చివర కూర్చున్నాడు, సొంబరి ఇంకో చివర కూర్చుంది. డ్రైవరు తల తిప్పి చూశాడు.

"జరుగు మామ్మా, నడుమ ఇంకొకరు కూకుంటారు."

"మా పిల్ల కూకుంది బాబూ."

డ్రైవరు ఆ ఖాళీ చోటు వైపు చూశాడు. దాని మీద పరిచి ఉన్న కొత్త చీరను చూశాడు. రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు చెయ్యెత్తుతున్నారు. ఎవర్నీ ఎక్కించుకోకుండా అతను బండి తీశాడు.